కోతకూ పరీక్ష ఉండాలి: ఎముకల శస్త్రచికిత్సలో ఇరవయ్యేళ్ల మార్పు

కొత్త మందు ఏదైనా దుకాణానికి చేరాలంటే, దాన్ని వాడినవారినీ వాడనివారినీ పోల్చిచూసే పరీక్షల్లో అది ముందు నెగ్గాలి. శస్త్రచికిత్స పద్ధతులకు అంత గట్టి నిబంధన ఎప్పుడూ లేదు. పేరున్న సర్జన్ ఒకరు కొత్త పద్ధతి కనిపెట్టి, తన దగ్గరికి వచ్చినవారిలో కొందరికి చేసి, వాళ్లు బాగానే నడుస్తున్నారని సదస్సులో చెబితే, శిష్యులు దాన్ని నేర్చుకుని తమ ఊళ్లకు తీసుకువెళ్లేవారు. ఎముకలు, కీళ్ల వైద్యం చాలాకాలం ఈ దారిలోనే పెరిగింది. అందులో గొప్ప విజయాలున్నాయి. పెద్దగా ప్రయోజనం లేకుండానే లక్షలమందికి చేసిన ఆపరేషన్లూ ఉన్నాయి. ఏది ఏదో తేల్చే పని గత ఇరవయ్యేళ్లలో జోరందుకుంది. రోబోలూ త్రీడీ ముద్రణతో చేసిన పరికరాలూ వార్తలకెక్కుతున్నాయి గానీ, ఫలానా రోగికి కత్తి పెట్టాలా వద్దా, పెడితే ఎంత త్వరగా పెట్టాలి అన్న నిర్ణయాలను ఎక్కువగా మార్చింది ఈ పోలిక పరీక్షలే.

వీటిలో ముందుగా చెప్పుకోవలసింది అమెరికాలోని హ్యూస్టన్‌లో, మాజీ సైనికుల ఆసుపత్రిలో జరిగింది. మోకాలు అరిగి నొప్పితో బాధపడేవారికి చిన్న రంధ్రం గుండా ఆర్థ్రోస్కోప్ అనే సన్నని గొట్టపు కెమెరా పంపి, కీలును సెలైన్‌తో కడిగి, చిరిగి వేలాడుతున్న మృదులాస్థిని గీకి తీసెయ్యడం అప్పట్లో సర్వసాధారణం. ఒక్క అమెరికాలోనే ఏడాదికి ఆరున్నర లక్షలకు పైగా ఇలాంటి ఆపరేషన్లు, ఒక్కొక్కటి సుమారు 5,000 డాలర్ల ఖర్చుతో జరిగేవి. సర్జన్ బ్రూస్ మోస్లీ బృందం 180 మందిని లాటరీ పద్ధతిలో మూడు జట్లుగా విడదీసింది. ఒక జట్టుకు కీలును కడిగారు. రెండో జట్టుకు కడగడంతో పాటు గీకి శుభ్రం చేశారు. మూడో జట్టుకు చర్మం మీద మూడు చిన్న కోతలు పెట్టారే గానీ కీలు లోపలికి ఏ పరికరాన్నీ పంపలేదు. ఆ సంగతి రోగి పసిగట్టకూడదని సర్జన్ నిజంగానే ఆపరేషన్ చేస్తున్నట్టు పరికరాలు ఒక్కొక్కటీ అడిగి తీసుకున్నారు, కాలిని వంచి తిప్పారు, కీలును కడుగుతున్న చప్పుడు వినిపించేలా సెలైన్ చిలకరించారు. అసలు ఆపరేషన్‌కు పట్టేంత సేపూ రోగిని థియేటర్‌లోనే ఉంచారు. ఆ రాత్రి వార్డులో చూసుకున్న నర్సులకు కూడా ఎవరికి ఏది జరిగిందో తెలియదు.

ఇది రోగిని మోసగించడం కాదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. పరీక్షలో చేరేముందే ప్రతి ఒక్కరూ, తమకు జరిగేది ఉత్తుత్తి ఆపరేషనే కావచ్చనీ, అదే అయితే తమ మోకాలి అరుగుదలకు దానివల్ల మేలేమీ ఉండదనీ కేస్ షీటులో స్వయంగా రాసి ఇవ్వవలసి వచ్చింది. అర్హులైన 324 మందిలో 144 మంది ఒప్పుకోకుండా వెనక్కి తగ్గారంటే, విషయాన్ని దాచకుండా చెప్పారనే అర్థం. ఫలితాలు 2002లో వెలువడ్డాయి. మూడు జట్లవారికీ నొప్పి కొంత తగ్గింది. అయితే రెండేళ్లలో ఏ దశలోనూ నిజమైన ఆపరేషన్ జరిగినవారు ఉత్తుత్తి ఆపరేషన్ జరిగినవారికంటే మెరుగ్గా లేరు.

సర్జన్లలో చాలామంది దీన్ని వెంటనే అంగీకరించలేదు. అందరూ ఒకే సర్జన్ చేతికింద పడ్డవారు, ఎక్కువమంది మగవారు, మాజీ సైనికులు కాబట్టి ఫలితం అందరికీ వర్తించదన్నారు. ఆ అభ్యంతరాల్లో పస ఉంది, అందుకే మరిన్ని పరీక్షలు జరిగాయి. 2008లో కెనడా నుంచి వచ్చిన అధ్యయనం ఇదే మాట చెప్పింది. 2013లో ఫిన్లండ్ వైద్యులు మరో అడుగు వేసి, అరుగుదల ఇంకా మొదలుకాని మోకాళ్లలో ఎముకల మధ్య మెత్తలా ఉండి వయసుతో చిరిగిన మెనిస్కస్‌ను కత్తిరించడంవల్ల లాభముందా అని, 146 మందిలో, మళ్లీ ఉత్తుత్తి ఆపరేషన్‌తోనే పోల్చి చూశారు. ఏడాది తర్వాత తేడా కనిపించలేదు. ఐదేళ్ల తర్వాత ఎక్స్‌రేలు తీస్తే కత్తిరించిన మోకాళ్లలోనే అరుగుదల కాస్త ఎక్కువగా ఉంది. 2017లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం అరుగుదల మోకాళ్లకు ఆర్థ్రోస్కోపీ చెయ్యవద్దని గట్టిగా సిఫార్సు చేసింది.

మరి ఆపరేషన్ తర్వాత తగ్గిందని చెప్పే వేలమంది మాటేమిటి? వాళ్లు చెప్పేది నిజమే. మోకాలి నొప్పి కొన్నాళ్లు పెరుగుతూ కొన్నాళ్లు తగ్గుతూ ఉంటుంది. భరించలేని దశలోనే మనిషి సర్జన్ దగ్గరికి వెళతాడు కాబట్టి, ఆ తర్వాత ఏం చేసినా, ఏమీ చెయ్యకపోయినా, నొప్పి కొంత దిగే అవకాశమే ఎక్కువ. దానికి తోడు ఆపరేషన్ పేరుతో దొరికే విశ్రాంతి, ఫిజియోథెరపీ, వైద్యుడి మీది నమ్మకం కూడా పనిచేస్తాయి. ఇందులో కత్తి వాటా ఎంతో రోగికీ తెలియదు, సర్జన్‌కూ తెలియదు. పోలిక జట్టు లేనిదే అది బయటపడదు. అనుభవజ్ఞుడైన సర్జన్ తన కళ్లతో చూసిన మెరుగుదలను నమ్మి పొరబడటానికి కారణం ఇదే. ఇక్కడ అతని చిత్తశుద్ధిని శంకించనక్కర్లేదు.

ఈ ఫలితాలను పట్టుకుని మోకాలి ఆర్థ్రోస్కోపీ అంతా వృథా అనుకుంటే అది మరో పొరపాటు. ఆటలో కాలు మెలిపడి మెనిస్కస్ ముక్క కీలు మధ్య ఇరుక్కుని, కాలు చాపలేని స్థితిలో వచ్చిన యువకుడికి అది ఇప్పటికీ సరైన చికిత్సే. మోకాలిని లోపల నిలకడగా పట్టి ఉంచే ముందు క్రూసియేట్ లిగమెంటు (ఏసీఎల్) తెగినవారి విషయం ఇంకా సూక్ష్మమైనది. 2010లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో శారీరకంగా చురుకైన 121 మంది యువతీయువకుల్లో కొందరికి వెంటనే లిగమెంటు పునర్నిర్మాణం చేశారు. మిగతావారికి వ్యాయామ చికిత్స ఇచ్చి, అవసరమనిపిస్తేనే తర్వాత చేశారు. రెండేళ్లకు రెండు జట్ల పరిస్థితీ ఒకేలా ఉంది, పైగా రెండో జట్టులో సగానికి పైగా మందికి ఆ గడువులో ఆపరేషన్ అవసరమే పడలేదు. అయితే బ్రిటన్‌లో 316 మందితో జరిగి 2022లో వెలువడిన అధ్యయనంలో ఫలితం తిరగబడింది. వాళ్లు దెబ్బ తగిలి చాలాకాలమైనా మోకాలు జారిపోతూనే ఉన్నవారు. వారికి మళ్లీ వ్యాయామంతో సరిపెట్టడం కంటే ఆపరేషనే మెరుగని తేలింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే వైరుధ్యం లేదు. దెబ్బ తగిలిన కొత్తలో ఆగి చూడవచ్చు, ఆగి చూశాక కూడా కాలు నిలవకపోతే ఇక ఆగనక్కర్లేదు.

భుజంలోనూ ఇదే జరిగింది. చెయ్యి పైకెత్తితే నొప్పి పుట్టేవారికి భుజపుటెముక అంచును చెక్కి, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువుకు చోటు కల్పించే ఆపరేషన్ బ్రిటన్‌లో బాగా ప్రచారంలో ఉండేది. 32 ఆసుపత్రుల్లో 313 మందితో జరిగిన పరీక్షలో, ఎముకను చెక్కినవారికీ, కెమెరా పెట్టి చూసి ఊరుకున్నవారికీ తేడా కనిపించలేదు; ఏ చికిత్సా లేకుండా ఆగినవారికంటే మెరుగుదల ఉన్నా అది రోగికి లెక్కకు వచ్చేంత పెద్దది కాదు.

ఇక విరిగిన ఎముకలు. తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు గురించి తెలుగువారికి చెప్పనక్కర్లేదు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టిన కట్టుతో ఎముక అతుక్కున్నవారు ఊరూరా ఉన్నారు. అతుక్కోవడం ఎముక సహజ గుణం, కదలకుండా ఉంచితే చాలా విరుపులు వాటంతట అవే అతుక్కుంటాయి. ఆధునిక పరీక్షలు కూడా కొన్ని విరుపుల విషయంలో ప్లేట్లు, స్క్రూల నుంచి మళ్లీ కట్టు వైపు మొగ్గాయి. భుజం దగ్గర విరిగి ఎముక పక్కకు జరిగిన 250 మందిలో, ఆపరేషన్ చేసినవారూ చేతిని జోలెలో వేసి ఉంచినవారూ రెండేళ్లకు సమానంగానే ఉన్నారని 2015లో తేలింది. మణికట్టు విరిగిన 500 మంది పెద్దవారిలో, ఎముకను సరిచేశాక పిండి కట్టు వేసినా, లోహపు తీగలు గుచ్చినా ఏడాదికి చెయ్యి ఒకేలా పనిచేసింది. ఇక్కడ ఒక చిన్న సంగతి విస్మరించరాదు. కట్టు వేసినవారిలో సుమారు ఎనిమిదిమందికి ఒకరికి ఎముక మళ్లీ జరిగి, మొదటి ఆరు వారాల్లోనే ఆపరేషన్ చెయ్యవలసివచ్చింది. అంటే కట్టుతో పని జరగాలంటే మొదట మత్తిచ్చి ఎముకను సరిగ్గా కూర్చాలి, తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీసి చూడాలి. నాటు కట్టులో లోపించేది ఈ రెండే. ఇక తుంటి కీలు దగ్గర తొడ ఎముక మెడ విరిగినప్పుడు ఏ కట్టూ పనికిరాదు. ఆ విషయానికి తర్వాత వద్దాం.

ఖర్చు తగ్గించే ఫలితాలు కొన్ని అంతగా ప్రచారం కాలేదు. రోడ్డు ప్రమాదంలో ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటపడితే గాయాన్ని దేనితో, ఎంత ఒత్తిడితో కడగాలన్న దాని మీద 2,500 మందికి పైగా రోగులతో, భారత్ సహా ఐదు దేశాల్లో జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. ఖరీదైన యంత్రంతో అధిక ఒత్తిడి మీద కడిగినా, స్టాండుకు వేలాడదీసిన సెలైన్ సంచితో కడిగినా ఫలితం ఒకటే. సబ్బు ద్రావణం కలిపినప్పుడు మాత్రం మళ్లీ ఆపరేషన్ చెయ్యవలసిన అవసరం ఎక్కువైంది. జిల్లా ఆసుపత్రికి ఇంతకంటే మంచి కబురు ఉండదు. అలాగే ఎముకలో, కీలులో చీము పట్టినవారికి ఆరు వారాలు నరానికి యాంటీబయాటిక్ ఎక్కించాలన్న పాత నియమాన్ని 1,054 మందితో జరిగిన బ్రిటన్ అధ్యయనం 2019లో సడలించింది. మొదటి వారం తర్వాత తగిన మాత్రలకు మారినా చికిత్స విఫలమైనవారి శాతం పెరగలేదు. వారాల తరబడి ఆసుపత్రి మంచం, అటెండెంటు కూలి నష్టం తప్పే ఈ మార్పు పేద కుటుంబానికి ఎంత ఊరటో చెప్పనలవి కాదు.

మోకాలి మార్పిడి దగ్గరికి వస్తే, ఈ ఆపరేషన్ విలువ మీద సందేహం లేదు. 2015లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలో వంద మందిని రెండు జట్లు చేసి, అందరికీ పన్నెండు వారాలు వ్యాయామం, బరువు తగ్గించే సలహా, నొప్పి మందులు ఇచ్చి, ఒక జట్టుకు మాత్రం ముందుగా మోకాలు మార్చారు. మార్చినవారికే ఎక్కువ ఉపశమనం దొరికింది, తీవ్రమైన దుష్ఫలితాలు కూడా వారిలోనే ఎక్కువ. రెండో జట్టులో నాలుగింట మూడు వంతులమంది ఏడాది గడిచేసరికి కూడా ఆపరేషన్‌కు వెళ్లలేదు. గుజ్జు అరిగిపోయిందన్న ఒక్క మాటతో, ఎక్స్‌రే చూసిన రోజే ఆపరేషన్ తేదీ ఖాయం చేసే తొందరకు ఈ అధ్యయనంలో సమర్థన లేదు. సక్రమంగా వ్యాయామం చేశాక కూడా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే, ఇంకా వాయిదా వెయ్యడానికీ సమర్థన లేదు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ రహదారుల మీది హోర్డింగుల్లో ఇప్పుడు కనిపించేది రోబో మోకాలి మార్పిడి. యంత్రం సాయంతో ఎముకను కోస్తే అనుకున్న కోణానికి మరింత దగ్గరగా వస్తుందన్నది నిజం. ఆ ఖచ్చితత్వం రోగి నడకలో, నొప్పిలో, కీలు మన్నికలో కనిపిస్తుందా అన్నది వేరే ప్రశ్న. దక్షిణ కొరియాలో 1,406 మందిని చేర్చుకుని, వారిలో ఎక్కువమందిని సగటున పదమూడేళ్లు గమనించి 2020లో ప్రచురించిన పరీక్షలో, రోబోతో చేసినవాటికీ చేతితో చేసినవాటికీ ఈ మూడింటిలోనూ తేడా లేదు. అది పాత తరం యంత్రం కాబట్టి కొత్తవాటి మీద అదే తుది తీర్పు కాదు. అయితే కొత్త యంత్రం మేలని నిరూపించే బాధ్యత దాన్ని అమ్మేవారిది. అదనంగా చెల్లించే కుటుంబం ఆ బాధ్యతను తన నెత్తిన వేసుకోనక్కర్లేదు. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ కోబాల్ట్ క్రోమియం మోకాలి పరికరం గరిష్ఠ ధరను పన్ను కాక ₹54,720 దగ్గర కట్టడి చేసింది. అంతకుముందు దాని సగటు ధర లక్షన్నర దాటి ఉండేది. పరికరం ధర తగ్గినప్పుడు ఆసుపత్రి బిల్లు ఏ పద్దు కింద పెరుగుతుందో కూడా గమనించడం అవసరం.

శరీరంలో పెట్టే పరికరాల విషయంలో పరీక్షలు ఒక్కటే చాలవు, ఎందుకంటే వాటి లోపాలు ఏళ్ల తర్వాతే బయటపడతాయి. ఆధునిక తుంటి మార్పిడికి ఆద్యుడైన ఇంగ్లండ్ సర్జన్ జాన్ చార్న్లీ మొదట తుంటి గుంటలో అమర్చిన టెఫ్లాన్ గిన్నెలు కొన్నేళ్లకే అరిగిపోయి, చుట్టూ ఉన్న ఎముకను దెబ్బతీశాయి. 1962 చివర్లో పాలిథిలీన్‌కు మారాకే ఆ ఆపరేషన్ నిలబడింది. స్వీడన్ 1975లోనే మోకాలి మార్పిడులకు జాతీయ రిజిస్ట్రీ పెట్టి, ఏ రోగికి ఏ పరికరం వేశారో, అది ఎప్పుడు విఫలమైందో నమోదు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ పద్ధతి విలువ డిప్యూ కంపెనీ ఏఎస్ఆర్ తుంటి కీళ్ల విషయంలో తెలిసింది. లోహం మీద లోహం రాసుకునే ఆ కీళ్లు మామూలుకంటే త్వరగా విఫలమవుతున్నాయని ఆస్ట్రేలియా రిజిస్ట్రీ అంకెలు పట్టిచ్చాయి. 2010 ఆగస్టులో కంపెనీ వాటిని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అప్పటికి భారత్‌లో సుమారు 4,700 ఆపరేషన్లలో వాటిని వేశారు. వారిలో చాలామంది ఆచూకీ తెలుసుకోవడమే కష్టమైంది. మన దేశంలో తుంటి, మోకాలి సర్జన్ల సంఘం నడిపే రిజిస్ట్రీ ఉంది గానీ అందులో వివరాలు నమోదు చెయ్యడం ఐచ్ఛికం. ఇది తప్పనిసరి కానంత కాలం మన రోగులకు వేసిన పరికరం లోపాన్ని మనకు వేరే దేశం చెప్పాలి.

ఇన్ని పరిశోధనల మధ్య, మన దగ్గర అన్నిటికంటే తక్కువ శ్రద్ధకు నోచుకుంటున్నది తుంటి విరుపు. డెబ్బై, ఎనభై ఏళ్ల అవ్వ బాత్రూంలో తడి నేల మీద జారిపడుతుంది. లేవలేదు. ఒక కాలు రెండోదానికంటే పొట్టిగా కనిపిస్తూ, పాదం బయటికి తిరిగి ఉంటుంది. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటుందా అని ఇంట్లోవాళ్లు వెనకాడతారు. ఆసుపత్రిలో చేర్చాక కాలికి బరువు కట్టి వేలాడదీసి, బీపీ, షుగరు, గుండె పరీక్షల కోసం, డబ్బు సర్దుబాటు కోసం రోజులు గడుపుతారు. ప్రాణం తీసేది విరిగిన ఎముక కంటే ఎక్కువగా ఆ మంచమే. ఊపిరితిత్తుల్లో నెమ్ము, వీపున పడక పుండ్లు, కాలి సిరల్లో రక్తపు గడ్డలు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఆ రోజుల్లోనే మొదలవుతాయి.

ఎంత త్వరగా చెయ్యాలన్న ప్రశ్న మీద 17 దేశాల్లోని 69 ఆసుపత్రుల్లో, 2,970 మందితో జరిగిన హిప్ అటాక్ అధ్యయనం 2020లో వెలువడింది. భారతీయ ఆసుపత్రులు కూడా అందులో ఉన్నాయి. ఒక జట్టుకు విరుపు నిర్ధారణ అయిన సుమారు ఆరు గంటల్లోనూ, రెండో జట్టుకు సుమారు ఇరవైనాలుగు గంటల్లోనూ ఆపరేషన్ జరిగింది. మూడు నెలల్లో మరణాలు వరుసగా 9, 10 శాతం. ఆ తేడా లెక్కకు రాదు. అయితే త్వరగా చేసినవారిలో మతి స్థిమితం తప్పడం, మూత్రంలో ఇన్ఫెక్షన్ తక్కువ. వాళ్లు ముందే లేచి నిలబడ్డారు, ముందే ఇంటికి వెళ్లారు. దీన్ని చదివి ఆలస్యమైనా నష్టం లేదని అనుకోవడం పొరపాటు. ఇక్కడ ఆలస్యమైన జట్టు కూడా ఒక్క రోజులో థియేటర్‌కు చేరినవారే. వారం తర్వాత చేసేవారి గతి ఈ అధ్యయనం పరిధిలోనే లేదు.

త్వరపడటానికి అడ్డొచ్చే సందేహాలు కొన్ని ఇతర పరీక్షలతో తీరాయి. పూర్తి మత్తా, వెన్నులో ఇంజెక్షనా అన్న తర్జనభర్జనకు 1,600 మందితో 2021లో జవాబు వచ్చింది: రెండు నెలల్లోపు చనిపోయినవారు, అప్పటికీ సాయం లేకుండా నడవలేనివారు కలిపి రెండు జట్లలోనూ సుమారు 18 శాతమే. మొత్తం తుంటి మార్చాలా, తొడ ఎముక తలను మాత్రం మార్చితే చాలా అన్నది 1,495 మందిలో చూస్తే, రెండేళ్లలో మరో ఆపరేషన్ అవసరం సమానంగానే ఉంది. అందువల్ల మన దగ్గర మామూలుగా వేసే, తొడ ఎముక తలను మాత్రమే మార్చే బైపోలార్‌ను చాలామంది వృద్ధుల విషయంలో తక్కువ చికిత్సగా భావించనక్కర్లేదు. తొడ ఎముకలోకి దిగే ఆ పరికరపు కడ్డీని సిమెంటుతో బిగించడమే మేలని, అలా చేస్తే దాని చుట్టూ ఎముక మళ్లీ విరగడం తగ్గుతుందని 2022లో మరో బ్రిటన్ అధ్యయనం తేల్చింది.

ఈ జ్ఞానాన్ని ఆచరణలో పెట్టడానికి కొత్త యంత్రాలు అక్కర్లేదని ఇంగ్లండ్ అనుభవం చెబుతోంది. అక్కడ 2007లో తుంటి విరుపుల జాతీయ నమోదు మొదలైంది. 36 గంటల్లో ఆపరేషన్ చేసి, వృద్ధుల వైద్యనిపుణుడి చేత కూడా చూపించిన ఆసుపత్రికి ప్రభుత్వం 2010లో అదనంగా చెల్లించడం మొదలుపెట్టింది. 2007 నుంచి 2011 మధ్య, చేరిన 30 రోజుల్లో చనిపోయేవారు 10.9 శాతం నుంచి 8.5 శాతానికి తగ్గారు. ఆరోగ్యశ్రీ లాంటి పథకానికి ప్రతి కేసులో చేరిన సమయం, ఆపరేషన్ సమయం తెలుసుకునే వీలుంది. 36 గంటల్లో చేసిన కేసుకు కొంత ఎక్కువ చెల్లించే నిబంధన పెట్టడం దాని చేతిలోని పని.

ఆపరేషన్ బాగా జరిగాక కూడా ఒక పని మిగిలిపోతుంది. చిన్నగా జారిపడితేనే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయనే అర్థం, రెండో తుంటి కూడా అదే దారిలో ఉంటుంది. తుంటి ఆపరేషన్ జరిగిన మూడు నెలల లోపు, ఎముకలు గుల్లబారడాన్ని తగ్గించే జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందును నరానికి ఎక్కించి, ఏడాదికోసారి కొనసాగిస్తే ఏమవుతుందని 2,127 మందిలో చూసిన అధ్యయనం 2007లోనే వచ్చింది. కొత్త విరుపులు 13.9 శాతం నుంచి 8.6 శాతానికి, మరణాలు 13.3 శాతం నుంచి 9.6 శాతానికి తగ్గాయి. డిశ్చార్జి కాగితంలో కుట్లు విప్పే తేదీ, నొప్పి మాత్రలు, కాల్షియం తప్పకుండా రాస్తున్నారు. ఎముకల సాంద్రత పరీక్ష, కిడ్నీల పనితీరు, విటమిన్ డి చూసుకుని ఈ మందు ఇవ్వవచ్చా అన్నది కూడా అదే కాగితంలో ఒక వరుసగా ఉండాలి. అది లేకపోతే రోగి తరఫువారు ఇంటికి వెళ్లేముందే అడిగి రాయించుకోవచ్చు.